చలపతిగారి పదకొండు బదిలీలు

మద్దాల కనకవల్లి భర్త ఒకే సంవత్సరంలో పదకొండుసార్లు బదిలీ అయ్యాడని ఆడిట్‌వాళ్లు పట్టుకున్నారు. ఆ పదకొండింటిలో ఒక్కదానికీ ఉత్తర్వులు లేవు. ఆయన పోయి అప్పటికి రెండేళ్లయింది గానీ, ఆడిట్‌వాళ్ల దృష్టిలో అది అంత పట్టించుకోవలసిన విషయం కాదు.

నిజానికి బతికున్నన్నాళ్లూ చలపతి ఎక్కడికీ బదిలీ కాలేదు. సీతారామపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండరుగా చేరి, ఇరవై రెండేళ్లపాటు ఆ ల్యాబ్‌లోనే గాజు గొట్టాలు కడిగి, ఆ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం మంత్రగాళ్ల నవలలు. ఆయన పేరు మీద మిగిలిపోయిన మూడు పుస్తకాలు తిరిగి ఇచ్చేద్దామని కనకవల్లి ఒక ఆదివారం శాఖా గ్రంథాలయానికి వెళ్లింది. లోపల ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చుని, మంత్రం వేసినప్పుడు మనిషికి ఏం నష్టం జరగాలి అన్న విషయం మీద తగువులాడుకుంటున్నారు. వాళ్లలో ఒకమ్మాయి జరిగి చోటిచ్చి, “కూర్చోండి ఆంటీ” అంది. కనకవల్లి కూర్చుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ మానలేదు.

ఆ గుంపు పేరు మంత్రలోక మిత్రమండలి. చోటిచ్చిన అమ్మాయి ఝాన్సీ, మండలి కార్యదర్శి. మిగతా రోజుల్లో మందుల షాపులో పనిచేస్తుంది. నియమాలు లేని మంత్రమంటే ఆమెకు ఒళ్లు మంట. మంత్రం ఎవరు వేయొచ్చు, ఎంతవరకు పనిచేస్తుంది, వేస్తే ఏం పోతుంది అన్న మూడూ తేలకపోతే ఎంత లావు నవలనైనా పక్కన పడేస్తారు వాళ్లు. ఆ మధ్య ఒక నవలలో మంత్రం వేసినప్పుడల్లా మంత్రగాడికి ఒక జ్ఞాపకం పోతుందని రాశారు. దాని మీద వాదన మూడు ఆదివారాలు నడిచింది.

“పొయ్యి వెలిగించుకోడానికి మంత్రమేసి, మా అత్తగారిని మర్చిపోయాననుకోండి. అది నష్టం ఎలా అవుద్దండి?” అని అడిగాడు బైకు మెకానిక్కు మస్తాన్.

“ఏది పోవాలో మంత్రగాడు ఎంచుకోకూడదు. ఎంచుకోనిస్తే లొసుగు” అంది ఝాన్సీ. లొసుగు అన్న మాట ఆమె నోట్లో బూతులా వినిపిస్తుంది.

ఇది మొదటి గంట. టీ తాగాక రెండో గంట వేరు. అప్పుడు పుస్తకాలు మూసేసి, చచ్చాక ఏమవుతుందో ఈ వారం ఎవరి నమ్మకం ఏమిటో ఒక్కొక్కరూ చెప్పాలి. పోయినవారం ఒకటి చెప్పి ఈ వారం ఇంకొకటి చెప్పావేం అని ఎవరూ అడగకూడదు. లెక్కల ట్యూషన్లు చెప్పుకునే దైవాధీనం మాస్టారు ప్రతివారం “సున్నా” అంటారు. మస్తాన్ “తీర్పు రోజు దాకా నిద్రేనండి” అంటాడు. ఇద్దరూ మాట మార్చిన పాపాన పోలేదు.

మార్చేది కనకవల్లి. ఒక వారం చలపతి స్వర్గంలో ఉంటాడు. ఆ పై వారం కాలవగట్టు మీద కొంగ అవుతాడు. ఇంకో వారం ఎక్కడా ఉండడు. మనసు బాగుంటే నవలలోని మంత్రగాళ్ల నగరంలో చేరి, వాళ్ల మందు సీసాలు కడుగుతూ ఉంటాడు. చుట్టాలు ఆమెను చూడగానే ‘ఇంక ఆ మాటలు ఎత్తకు, మనసు గట్టి చేసుకో’ అని బోధ మొదలుపెడతారు. వారం మొత్తంలో ఆయన గురించి నోరారా మాట్లాడుకోనిచ్చే చోటు అదొక్కటే. ఆ అయిదు నిమిషాల కోసం ఆమె ఆరు రోజులు ఓపిక పట్టేది.

గ్రంథాలయం హాల్లో జరిగే ప్రతి సమావేశాన్నీ రిజిస్టరులో నమోదు చేయాలని జిల్లా పఠన వికాస సంస్థ వారి ఆదేశం. ఝాన్సీ మనస్ఫూర్తిగా అంతా నమోదు చేసింది. చలపతి ఏ వారం ఎక్కడున్నాడో తేదీలతో సహా రాసింది. సంవత్సరాంతంలో ఆ రిజిస్టరు ఆడిట్‌కు వెళ్లింది.

అభ్యంతరం ఇలా వచ్చింది: “సదరు శ్రీ చలపతి జనవరి మాసమునందు స్వర్గమున ఉన్నట్లును, ఫిబ్రవరి మొదటి వారమున కాలువగట్టుపై కొంగగా ఉన్నట్లును, రెండవ వారమున ఎచ్చటను లేనట్లును రిజిస్టరు వలన తెలియవచ్చుచున్నది. సాధారణ బదిలీలపై నిషేధము అమలులో ఉండగా ఒక్క సంవత్సర కాలములో పదకొండు బదిలీలు ఏ అధికారి ఉత్తర్వుల మేరకు జరిగినవో సంజాయిషీ ఇవ్వవలెను.”

సంస్థ ఉపసంచాలకులు కుంచం త్రివిక్రమరావుగారు స్వయంగా గ్రంథాలయానికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద ప్రశ్న ఉండి, కాగితం మీద జవాబు లేకపోతే ఆయనకు అన్నం సయించదు, అంతే.

“నేను మీ విశ్వాసములలో జోక్యం చేసుకొనుటకు రాలేదు. క్రమబద్ధీకరించుటకు మాత్రమే వచ్చి ఉన్నాను” అన్నారాయన కూర్చుంటూ.

“అది నా మనసులో మాటండీ. అప్పుడప్పుడు మారుద్ది” అంది కనకవల్లి.

“మారవచ్చునమ్మా. మార్పునకు సంస్థ వ్యతిరేకం కాదు. ఎవరి సంతకంతో మారింది అన్నదే ప్రశ్న.”

ఆ ప్రశ్నకు జవాబుగా నెల తిరక్కుండా ముసాయిదా తయారైంది. ‘పఠన మండళ్ల సభ్యుల పరలోక విశ్వాసముల (క్రమబద్ధీకరణ) నియమావళి’ దాని పేరు. ముప్పై ఆరు నియమాలు. జిల్లాలోని పఠన మండళ్లన్నిటికీ వర్తిస్తుంది. సూచనలు, అభ్యంతరాలు ఉంటే ఇరవై ఒక్క రోజుల్లో పంపమన్నారు.

ఇంకెవరైనా అయితే మండిపడేవారు. ధర్నా చేసేవారు, పత్రికలకెక్కేవారు, కనీసం చింపి అవతల పారేసేవారు. కానీ వీళ్లు మంత్రలోక మిత్రమండలివాళ్లు. ఝాన్సీ ముప్పై ఆరు నియమాలూ పైకి చదివేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయింది. అది భయం కాదు. మంచి పాట విన్నాక వచ్చే నిశ్శబ్దం.

“ఎవరు నమ్మొచ్చు, ఎంతవరకు నమ్మొచ్చు, మారిస్తే ఏం పోద్ది, అన్నీ ఉన్నాయి. ఈ సంవత్సరం నేను చదివినవాట్లో ఇంత పకడ్బందీగా కట్టింది ఇంకోటి లేదు” అంది ఝాన్సీ.

“తొమ్మిదో రూలుకీ ఇరవై రెండో రూలుకీ పొసగట్లేదమ్మా” అన్నారు దైవాధీనం మాస్టారు, పెన్సిలు చెక్కుకుంటూ. “తొమ్మిది ప్రకారం పునర్జన్మ ఎత్తినవాడు పాత స్థానం నుంచి రిలీవ్ అవ్వాలి. ఇరవై రెండు ప్రకారం రిలీవ్ చెయ్యాల్సిన అధికారి అక్కడ లేడు. అంటే వాడు రెండు చోట్లా ఉన్నట్టే గదా?”

“పదో రూల్లో వారం వారం మార్చకూడదన్నారు గానీ, వారం మధ్యలో మార్చకూడదన్లేదండి” అన్నాడు మస్తాన్.

ఇక చూడండి ఉత్సాహం. మూడు ఆదివారాలు మంత్రగాళ్లను పక్కనపెట్టి ఆ ముసాయిదాతోనే గడిపారు. దీపం పెట్టి వెతికి మొత్తం పద్నాలుగు లొసుగులు పట్టారు. వాటిని పూడ్చడానికి ఏం రాయాలో కూడా వాళ్లే సూచించారు. సంస్థ ఆఫీసు సందులో కనకవల్లికి జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. ఆ వినతిపత్రాన్ని ఆమే టైపు చేసింది, తప్పుల్లేకుండా, మంచి అక్షరాల్లో. పద్నాలుగో లొసుగు దగ్గరికి వచ్చాక ఆమె వేళ్లు కాస్త ఆగాయి. ‘సభ్యులు తమ నమ్మకమును ప్రకటింపక మౌనముగా ఉండుటకు వీలు కలదు’ అని ఉంది అక్కడ. తను బయటపడగలిగిన దారి అదేనని ఆమెకు అప్పుడు తోచలేదు. ఏదో గుచ్చుకున్నట్టయింది. కామా పడిందో లేదో చూసుకుని ప్రింటు తీసింది.

త్రివిక్రమరావుగారు ఆనందం పట్టలేకపోయారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక ముసాయిదాను ఆసాంతం చదివిన పౌరులు ఆయనకు తారసపడలేదు. “మీ వంటి చైతన్యవంతుల సహకారముతో పద్నాలుగు లోపములును సరిచేయబడినవి” అని కృతజ్ఞతాపత్రం పంపారు. ఒకటో తారీకు నుంచి నియమావళి అమల్లోకి వచ్చింది.

మొదటి దెబ్బ మొదటి గంట మీదనే పడింది. మంత్రాలు కూడా పరలోక విషయాల కిందికే వస్తాయని తేల్చి, నవలలో నిప్పు మంత్రం ఉంటే, చర్చించే ముందు అగ్నిమాపక కేంద్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలన్నారు. అదృశ్యమయ్యే మంత్రం గురించి మాట్లాడే రోజున సభ్యులు రెండుసార్లు హాజరు వేయాలన్నారు. దైవాధీనం మాస్టారు తన విశ్వాస ప్రకటన ఫారంలో ‘సున్నా’ అని రాస్తే, గడి ఖాళీగా ఉంచరాదని తిప్పి పంపారు. ఆయన ‘ఏమీ లేదు’ అని రాశారు. లేనిదానికి రుజువు జతపరచమన్నారు. మస్తాన్‌కి మాత్రం నిలకడ గల విశ్వాసి అని ప్రశంసాపత్రం వచ్చింది. అతను సిగ్గుపడిపోయి, దాన్ని షెడ్డులో పాత టైర్ల వెనక దాచేశాడు.

రెండో దెబ్బ కనకవల్లికి రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. క్రమవిరుద్ధంగా తిరుగుతున్న శ్రీ చలపతికి పదిహేను రోజుల్లో శాశ్వత స్థానం ఎంపిక చేయాలి. ఎంపిక చేసిన స్థానంలో అయిదేళ్లపాటు మార్పు ఉండదు, ఆ అయిదేళ్లూ వేరే స్థానం గురించి హాల్లో మాట్లాడకూడదు. ఎంపిక చేయకపోతే మంత్రలోక మిత్రమండలికి హాలు అనుమతి రద్దు.

ఝాన్సీ షాపుకు వచ్చి, జిరాక్సు మిషను పక్కన నిలబడి ముఖం వేలాడేసింది. “నిన్నంతా కూర్చుని చదివానాంటీ. ఎక్కడా సందు లేదు. అంత బాగా మూసింది మనమే.”

“నీ తప్పేముందమ్మా. టైపు కొట్టింది నేను.”

“పోనీ ఏదో ఒకటి రాసెయ్యండి. కాగితమే గదా.”

కనకవల్లి కూడా అలాగే అనుకుని ఫారం ముందు పెట్టుకుంది. స్వర్గం రాద్దామనుకుంది. పని లేకుండా అయిదేళ్లు కూర్చోమంటే ఆ మనిషి పిచ్చెక్కిపోతాడు. కొంగ అని రాస్తే అయిదు వానాకాలాలు గట్టు మీద తడవాలి, అసలే జలుబు మనిషి. ఎక్కడా లేడు అని రాయడం అన్నిటికంటే సులభం, ఆ గడి చిన్నది. కానీ అయిదేళ్లు ఆయన ఎక్కడా లేడని సంతకం పెట్టి, ఆదివారం వచ్చి ఏం మాట్లాడాలి? ఆమెకు ఏడుపు వచ్చింది, దాని వెనకాలే కోపం కూడా వచ్చింది. ఆయన ఎక్కడున్నాడో తెలిస్తే ఆదివారాలు ఇక్కడికి రావలసిన అవసరమే ఉండేది కాదు గదా. ఫారం ఖాళీగానే మడిచి సంచిలో పెట్టుకుంది.

గడువు ఆఖరి రోజున సంస్థ ఆఫీసులో కౌన్సెలింగ్ పెట్టారు. జిల్లా నలుమూలల నుంచి మండళ్ల సభ్యులు వచ్చారు. పోయిన తేదీని బట్టి సీనియారిటీ జాబితా గోడకు అంటించారు. స్వర్గంలో ఖాళీలు పదకొండు గంటలకే అయిపోయాయి. సిఫారసు ఉత్తరాలు తెచ్చినవాళ్లు ముందే కొట్టేశారని ఒకాయన వరండాలో గొడవ పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న పోయి పద్దెనిమిదేళ్లయిందట, అంత సీనియర్ని పక్కనపెట్టి నిరుడు పోయినవాణ్ని ఎలా పంపుతారని అడుగుతున్నాడు. కొంగ పోస్టులు మారుమూల ప్రాంతాల్లో ఉన్నాయని ఎవరూ కోరుకోలేదు. పితృదేవతల సెక్షనులో మగవాళ్లకే స్థానాలు చూపించారని ఇద్దరు ఆడవాళ్లు అర్జీ రాస్తున్నారు.

బెంచీ మీద కూర్చుని ఆ గోలంతా వింటుంటే కనకవల్లికి తన షాపుకు వచ్చే ఒక గుమాస్తా గుర్తొచ్చాడు. ఆయన్ని పాత ఆఫీసు నుంచి రిలీవ్ చేశారు, కొత్త చోటు చూపించలేదు. ఎనిమిది నెలలుగా అదే అర్జీని జిరాక్సు తీయించుకుంటున్నాడు. ‘నేను ఎక్కడా లేనమ్మా, కానీ డ్యూటీలోనే ఉన్నాను’ అంటూ ఉంటాడు. ఆమె సంచిలోంచి ఫారం తీసి, మోకాలి మీద పెట్టుకుని, గబగబా మూడు మాటలు రాసింది.

పేరు పిలిచారు. త్రివిక్రమరావుగారు ఫారం అందుకుని చదివారు. మళ్లీ చదివారు.

“పోస్టింగ్ కోసం వెయిటింగ్ అని రాశారు.”

“అవునండీ. ఇక్కణ్నుంచి రిలీవ్ అయ్యారు. ఎక్కడ వేశారో ఇంకా నాకు తెలీదండి.”

“నియమావళిలో అటువంటి స్థానం లేదమ్మా.”

“మీ సర్వీసు రూల్స్‌లో ఉంది గదండీ. దీంట్లో లేని సంగతులకి సర్వీసు రూల్సే వర్తిస్తాయని ముప్పై ఆరో రూల్లో ఉంది. మా మాస్టారు చెప్తేనే మీరు చేర్చారు, పదమూడో లొసుగు. నేనే టైపు కొట్టాను.”

త్రివిక్రమరావుగారు ముప్పై ఆరో నియమం తీసి చూశారు. ఉంది. ఆయన ముఖంలోకి ఒక గౌరవభావం వచ్చింది. ఉద్యోగ జీవితంలో ఆయన దేన్నయినా ప్రశ్నించగలరు గానీ, వెయిటింగ్‌లో ఉన్నవాడిని ప్రశ్నించలేరు. ఆయన కూడా ఒకప్పుడు పదమూడు నెలలు అందులో ఉన్నారు.

“సరే. వెయిటింగ్‌లో ఉన్న వ్యక్తి ప్రతిదినము ప్రధాన కేంద్రమున హాజరు కావలెను. ప్రధాన కేంద్రము ఏది?”

“మా ఇల్లేనండి.”

“హాజరవుతున్నారా?”

హాల్లో గొడవ సద్దుమణిగింది. వరండాలో పోట్లాడుతున్నాయన కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అబద్ధం చెప్పడం కనకవల్లికి ఇష్టం లేదు.

“ఆయనకి పొద్దున్నే నీళ్ల మోటారు వేసి ఆపడం మర్చిపోయే అలవాటండి. ట్యాంకు నిండి డాబా మీంచి నీళ్లు కారుతుంటే నేను అరుస్తూ లేచేదాన్ని. ఇప్పుడు మోటారు వేసేది నేనేనండి. వేసి మళ్లీ నడుం వాలుస్తాను. నీళ్ల చప్పుడుకి మెలకువొచ్చి, ‘ఏవండీ, మళ్లీ మర్చిపోయారా’ అని అరుస్తాను. అరిచాక గుర్తొస్తుంది, వేసింది నేనే గదా అని.”

“ప్రతిరోజూనా?”

“ఆదివారం కూడానండి.”

“అనగా ప్రతిదినము పేరు పిలువబడుచున్నది.” ఆయన రాసుకున్నారు. “పలుకుతారా?”

“బతికున్నప్పుడూ పలికేవారు కాదండీ.”

త్రివిక్రమరావుగారు తల వంచుకుని, అక్షరం అక్షరం పైకి చదువుతూ రాశారు. “ప్రతిదినము పిలువబడుచున్నారు. ప్రవర్తనలో మార్పు లేదు. హాజరు సంతృప్తికరం.”

ఆ తర్వాత స్టాంపు వేశారు. వరండాలోని పెద్దమనిషి పక్కవాణ్ని పెన్ను అడిగి, తన ఫారంలో స్వర్గం కొట్టేశాడు. మధ్యాహ్నానికి స్వర్గంలో కావలసినన్ని ఖాళీలు ఏర్పడ్డాయి. జిల్లాలో పోయినవాళ్లలో ముప్పావువంతుమంది వెయిటింగ్‌లోకి మారారు. వాళ్ల వాళ్ల ఇళ్లే ప్రధాన కేంద్రాలయ్యాయి. ఇంత సాఫీగా ముగిసిన కౌన్సెలింగ్ ఇంకోటి లేదని సంస్థ ఆ ఏటి నివేదికలో రాసుకుంది.

ఉత్తర్వు శనివారం చేతికొచ్చింది. ఆదివారం కనకవల్లి దాన్ని హాలుకు తీసుకెళ్లింది. ఝాన్సీ నిలబడి చదివింది: “శ్రీ మద్దాల చలపతి, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, వారి స్వగృహము ప్రధాన కేంద్రముగా వేచియుండుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ఈ కాలమున వారు ఎచ్చట ఉన్నారని వారి భార్య తలచిననూ అభ్యంతరము లేదు. ప్రతి: శ్రీ మద్దాల చలపతి గారికి, భార్య ద్వారా.”

చదివి, అలవాటు కొద్దీ చెవి వెనకనుంచి పెన్సిలు తీసింది. “తదుపరి ఉత్తర్వుల వరకు అన్నారు గానీ గరిష్ఠ కాలపరిమితి పెట్టలేదు. ఎన్నేళ్లయినా ఉండిపోవచ్చు. ఇది చాలా పెద్ద లొసుగాంటీ.”

మాస్టారు కిటికీ వైపు చూశారు. మస్తాన్ గ్లాసులో అయిపోయిన టీని తాగుతూ కూర్చున్నాడు. ఝాన్సీ చుట్టూ చూసింది, పెన్సిలు వైపు చూసుకుంది, దాన్ని మళ్లీ చెవి వెనక పెట్టేసుకుంది.

కనకవల్లి ఆ కాగితం వెనక్కి తీసుకుని మరోసారి చదువుకుంది. ఆయన పోయినప్పటి నుంచి బ్యాంకులో, రేషన్ ఆఫీసులో, కాలేజీవాళ్లిచ్చిన ఆఖరి కాగితంలో, ఎక్కడ చూసినా ఆయన పేరుకు ముందు ‘కీ.శే.’ అని ఉండేది. ఆమె స్వయంగా టైపు చేసుకున్న అర్జీల్లో కూడా అదే ఉండేది, అది లేకపోతే కౌంటరులో తీసుకునేవాళ్లు కాదు. ఇందులో అది లేదు. ఉత్త ‘శ్రీ’ మాత్రమే ఉంది. వెయిటింగ్‌లో ఉన్నవాడికి కీర్తిశేషులని రాయడం నిబంధనలకు విరుద్ధం.

ఆ రోజు ఆమె రెండో గంట దాకా ఆగలేదు. షాపుకు వెళ్లి, షట్టరు సగం ఎత్తి, ఆ కాగితాన్ని లామినేషన్ చేసుకుంది.